గాలి కన్నం మూసిన ఎర్రినాయుడు

“ఇద్దరి తిండి తింటావు, ఊరి చుట్టూ ఒక్క పరుగంటే కూలబడతావు. సిగ్గు లేదురా?” అన్నాడు గరిడీలో సాము నేర్పే పైడయ్య గురువు.

ఎర్రినాయుడు తల దించుకున్నాడే గాని, మాట దించుకోలేదు. “బలం తిండిలోనే ఉంటాది కదా గురువుగారూ! మరి రోజూ ఈ ఊపిరి సాధన దేనికి?”

పైడయ్యకు వాదమంటే గిట్టదు. శిష్యుణ్ని వెంటబెట్టుకుని, పొలంలో బెల్లం వండుతున్న అసిరమ్మ దగ్గరికి నడిచాడు. “ఈ పూట పొయ్యి వీడు చూసుకుంటాడమ్మా” అన్నాడు.

అసిరమ్మ ఎర్రినాయుణ్ని ఎగాదిగా చూసింది. “మాకు మిగిలిన చెరుకు రసమంతా ఈ పెనంలోనే ఉంది బాబూ. మంట తగ్గిందా, పాకం అచ్చు కట్టదు. ఎండు పిప్పి కొంచెం కొంచెంగా ఎయ్యి.”

కాసేపు అలాగే వేశాడు. తరవాత నడుం నొచ్చింది. బద్ధకానికి తెలివైన సాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఎలాగూ వేయవలసిన పిప్పే కదా అని, మోపంతా ఒక్కసారే పొయ్యిలో కుక్కేశాడు. పైగా వేడి వృథాగా పోతోందనుకుని, పొయ్యి గాలి కన్నానికి మట్టిపెళ్ల అడ్డం పెట్టి, తన తెలివికి తానే మురిసిపోయాడు.

మంట కూలింది. పొగ కమ్మింది. పెనంలో పొంగు అణిగిపోయింది.

“ఓలమ్మో! పొయ్యికి మేత పెట్టమంటే పీక నొక్కేసినావేటిరా!” అంటూ అసిరమ్మ తెడ్డెత్తింది.

ఎర్రినాయుడు కంగారుగా వంగి మట్టిపెళ్ల లాగేశాడు. గాలి లోపలికి దూకింది, మంట బయటికి దూకింది. వాడు వెల్లకిలా పడ్డాడు. పైడయ్య కర్రతో సగం పిప్పి బయటికి లాగి, మంటను దారిలో పెట్టాడు. కాస్త నల్లబడినా, చివరికి బెల్లం అచ్చు కట్టింది. అసిరమ్మ ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు గురువు శిష్యుడి పక్కన కూర్చున్నాడు. “ఒంట్లో కంటికి కనబడని కణాలు కోటానుకోట్లున్నాయిరా. ఒక్కొక్కటీ మంట లేని పొయ్యి. తిన్న అన్నం చక్కెరై అక్కడికి చేరుతుంది, పీల్చిన ప్రాణవాయువూ చేరుతుంది. రెండూ కలిస్తేనే చక్కెరలోని శక్తి కొద్దికొద్దిగా, పూర్తిగా బయటికొస్తుంది. నీరూ, బొగ్గుపులుసు వాయువూ మిగులుతాయి. గాలి చాలకపోతే పని సగంలోనే ఆగిపోతుంది, కాళ్లు లాగేస్తాయి.”

“అది సరే గురువుగారూ, అసిరమ్మగారు నన్ను చూసి అదేపనిగా నవ్వుతున్నారేటి?”

“మూతి తడుముకో నాయనా” అంది ఆమె, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

తడుముకున్నాడు. ఎడమవైపు మీసం ఉంది. కుడివైపు చేతికి మసి తప్ప మరేమీ తగల్లేదు.

“పొయ్యి దయగలదిరా, సగం మీసంతో సరిపెట్టుకుంది” అన్నాడు పైడయ్య. “ఒళ్లు అలా విడిచిపెట్టదు.”