ఒట్టి రాయి తిప్పిన సుంకమ్మ

ఇది ఎప్పటి మాటో అడగొద్దు. మా అవ్వలకు వాళ్ళ అవ్వలు చెప్పారు. వాళ్ళకు ఎవరు చెప్పారో వాళ్ళూ అడగలేదు. అనగనగా అని మొదలుపెట్టడానికి కూడా అప్పటి మనుషులకు ఓపిక లేదట, అంత కరువు. మీరు ఊ కొట్టండి చాలు.

నల్లబండ అని ఒక పల్లె. ఆ పల్లెలో ఇంటికో విసుర్రాయి. తెల్లవారుతుందనగా ఆడవాళ్ళు లేచి ఆ పూటకు కావలసిన కొర్రలో జొన్నలో విసురుకునేవాళ్ళు. ఒక ఇంట్లో రాయి పలికితే పక్కింట్లో పలికేది, దాని పక్కింట్లో పలికేది. ఆ చప్పుడుకే పిల్లలు లేచేవాళ్ళు. కోడి కూస్తే ముసుగు బిగించుకునే పిల్లలు కూడా రాయి పలికితే లేచి కూర్చునేవాళ్ళు. రాయి పలికిందంటే తెల్లారినట్టు, పలకలేదంటే ఇంకా పడుకోవచ్చు. అదీ నల్లబండ పిల్లల లెక్క.

విసరగా విసరగా రాయి నున్నబడుతుంది. నున్నబడిన రాయిలో గింజ నలగదు, పోసింది పోసినట్టే జారిపోతుంది. అప్పుడు రాయికి కక్కు పెట్టాలి, అంటే ఉలితో సన్నసన్నగా గంట్లు కొట్టాలి. ఆ పని సుంకమ్మది. ఊరి బయట బండ పక్కన గుడిసె, చేతిలో సుత్తి, కొంగులో ఉలి. వీధిలోకి వస్తే మూడు కేకలు వేసేది.

"రోళ్ళకు కక్కు పెడతాం! విసుర్రాళ్ళకు కక్కు పెడతాం! నవ్వని మొగాలకు కూడా పెడతామమ్మో!"

కూలి దోసెడు పిండి. కక్కు పెట్టాక తనే కూర్చుని మొదటి పిడికెడు విసిరి చూపించేది. విసురుతూ పాడేది. ఏం పాడేదంటే, ఆ పూట ఆ ఇంట్లో ఏది కంటబడితే దాన్ని పాడేది. చట్టిలో మూతి పెట్టి దొరికిపోయిన పిల్లిని పాడేది. అత్త చూడకుండా బెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్న కోడలిని పాడేది. పెద్దకాపు తిమ్మారెడ్డి ఇంట్లో అయితే ఏకంగా ఆయన్నే పాడింది.

"తిరుగు తిరుగు రాయీ, నవ్వి తిరుగు రాయీ,
పెద్దకాపు మీసంలోన పిచ్చుక గూడు కట్టె రాయీ!"

ఇంటిల్లిపాదీ పొట్ట పట్టుకుని నవ్వారు. పెద్దకాపు కూడా నవ్వాడు, కానీ అరనవ్వు. ఆ మిగిలిన సగం నవ్వు ఆయన కడుపులోనే ఉండిపోయింది.

ఇంతకూ ఈ సుంకమ్మ ఏమంత సుఖపడ్డ మనిషని? ముగ్గురిని కన్నది, ముగ్గురినీ మట్టిలో పెట్టింది. మొగుడు బండ పగలగొడుతూ అదే బండ కింద పోయాడు. మారెక్క అని ఒక చిన్నమ్మాయి, అప్పుడే కాపురానికొచ్చిన పిల్ల, ఉండబట్టలేక ఒకసారి అడిగింది.

"అవ్వా, నీకు నవ్వు యాడినుంచి వస్తాది?"

"ఏడ్చేదానికి నాకు గుడిసె ఉంది మ్మే. మీ ఇంటికొచ్చి ఏడిస్తే పిండి పెడతావా?" అంది సుంకమ్మ.

ఆ మాటకు కూడా మారెక్క నవ్వింది. అప్పటికి ఆమెకు నవ్వడం వచ్చు.

ఏడెనిమిదేళ్ళ తర్వాత వాన పోయింది. మొదటి ఏడు వాన పోతే సగం కడుపుకు విసురుకున్నారు. రెండో ఏడు పోతే చింతగింజలు విసురుకున్నారు. మూడో ఏడు పోతే విసరడానికి ఏమీ లేదు. రాళ్ళు ఆగిపోయాయి. ఊరు ఎట్లా అయిపోయిందంటే, ఎవరింట్లో ఎవరున్నారో, ఎవరు పోయారో తెలియకుండా అయిపోయింది. పెద్దకాపు ఒక్కడి గాదెలోనే కాసిని గింజలున్నాయి. ఇంటికో గరిటె గంజి పోయించేవాడు. మంచివాడే, కాదనను. గరిటె మాత్రం చిన్నది.

మారెక్క మొగుడు పని వెతుక్కుంటూ దక్షిణానికి పోయి మళ్ళీ కనబడలేదు. ఇద్దరు బిడ్డలు మొదటి రెండేళ్ళలోనే పోయారు. మూడోది ఉరుకుందమ్మ, ఐదేళ్ళ పిల్ల, ఆమె ఒక్కతే మిగిలింది. ఆ పిల్ల ఒకరోజు లేవలేదు.

"లెయ్ బిడ్డా, గంజి తాగుదువు. పొద్దెక్కింది" అంది మారెక్క.

"రాయి పలకలేదు కదమ్మా. ఇంకా తెల్లారలేదు" అంది పిల్ల, కళ్ళు తెరవకుండానే.

మధ్యాహ్నం లేపితే అదే మాట. సాయంత్రం లేపితే అదే మాట. గంజి పెదవుల మీద నుంచి కారిపోయింది. మారెక్క ఏం చేస్తుంది? రాయి తిప్పుదామంటే గింజ లేదు. ఒట్టి రాయి తిప్పకూడదు. నల్లబండలో అది పెద్ద తప్పు. ఒట్టి రాయి తిప్పితే ఆ తిప్పినవాళ్ళ ఇంట్లో మనిషిని తింటుందని పుట్టినప్పటినుంచీ వింటూ పెరిగింది. మిగిలింది ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషినీ రాయి నోట్లో ఎట్లా పెడుతుంది? పోయి సుంకమ్మ గుడిసె ముందు కూలబడి ఏడ్చింది.

మర్నాడు కోడికూతకు ముందే సుంకమ్మ వచ్చింది. పిల్లను చూసింది. రాయి ముందు కూర్చుంది.

"ఒట్టి రాయి తిప్పొద్దవ్వా! ఇంట్లో మనిషిని తింటాది" అని మారెక్క చెయ్యి పట్టుకుంది.

"తిప్పేది నేను కదా. నా ఇంట్లో తినేదానికి ఇంకెవరుండారు మ్మే? నేనుండా. నన్ను తింటే దానికి కడుపు నిండదు, పళ్ళూడతాయి."

పిడి పట్టుకుని తిప్పింది. ఒట్టి రాయి గరగరమని పలికింది. సుంకమ్మ పాడింది.

"తిరుగు తిరుగు రాయీ, నవ్వి తిరుగు రాయీ,
ఉరుకుందమ్మ చీమిడి కారి ఊరి వంక పారె రాయీ!"

పిల్ల కన్ను తెరిచింది. చేత్తో ముక్కు తడుముకుంది. "నాకు చీమిడి లేదు పో!" అంది. లేచి కూర్చుంది. గంజి తాగింది, మొత్తం తాగింది. మారెక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియదు.

ఆ చప్పుడు పక్కింటికి వినిపించింది. పక్కింటి మనిషి వచ్చి పిలిచింది. దాని పక్కింటి మనిషీ పిలిచింది. రోజూ తెల్లారకముందే సుంకమ్మ ఇల్లిల్లూ తిరిగి ఒట్టి రాళ్ళు తిప్పింది. నవ్వేందుకు ఏముంది ఆ ఊళ్ళో? అయినా ఏదో ఒకటి వెతికేది. ఎండిన కుండలో కాపురం పెట్టిన సాలీడును పాడేది. ఆకలికి సన్నబడి మెట్టె జారిపోతుంటే కాలివేళ్ళు ముడుచుకుని నడిచే ముసలమ్మను పాడేది. తిట్టేవాళ్ళు తిట్టారు, నవ్వేవాళ్ళు నవ్వారు, కానీ లేచారు. లేచినవాళ్ళు కొండకు పోయి గడ్డలు తవ్వుకొచ్చారు. పడుకున్నవాడు పడుకున్నట్టే పోవడం నెల రోజుల పాటు ఆగింది.

ఆ తర్వాత పెద్దకాపు మనవడు పోయాడు. జ్వరమొచ్చి రెండు రోజుల్లో పోయాడు. జ్వరం రావడానికి ముందు రోజే సుంకమ్మ వాళ్ళింట్లోనూ ఒట్టి రాయి తిప్పింది. ఇంకేం, చెప్పేవాళ్ళకు నోళ్ళు లేచాయి, తిప్పింది ఎవరైతేనేం, రాయి ఆ ఇంటిదే కదా అన్నారు.

పెద్దకాపు అరుగు మీద ఊరు కూడింది. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయనా మనవణ్ణి పోగొట్టుకున్న మనిషే, ఆ సంగతి మరిచిపోకండి.

"ఏమే సుంకీ, ఎవరు పిలిస్తే తిప్పినావు?"

సుంకమ్మ చెప్పలేదు. అందుకని ఇళ్ళవాళ్ళను అడిగారు. మొదటి ఇంటామె "నేను పిలవలేదు" అంది. రెండో ఇంటామె "నేను పిలవలేదు" అంది. మూడోది మారెక్క. పెద్దకాపు చేతికి దగ్గర్లోనే గంజి కుండ, దాంట్లో గరిటె. మారెక్క ఆ గరిటెను చూసింది. చంకలో పిల్లను చూసింది.

"నేను పిలవలేదు రెడ్డీ. ఆమే వచ్చింది. వద్దన్నా తిప్పింది."

సగం నిజమే. ఆ సగం నిజంతోనే మనిషి పని అయిపోయింది. సుత్తీ ఉలీ లాక్కుని ఎండిన బావిలో పారేశారు. ఊళ్ళోకి అడుగుపెట్టొద్దన్నారు. గంజి లేదన్నారు. ఎవరైనా ఒట్టి రాయి తిప్పితే ఆ ఇంటికీ గంజి ఉండదన్నారు.

సుంకమ్మ పోతూ పోతూ మారెక్క దగ్గర ఆగింది. మారెక్క తల ఎత్తలేదు. తిడుతుందనుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

"పిల్ల అడిగితే, అవ్వ చుట్టాలింటికి పోయిందని చెప్పు మ్మే. తరిమినారని చెప్పొద్దు" అని సుంకమ్మ వెళ్ళిపోయింది.

మర్నాడు రాళ్ళు పలకలేదు. "ఇంకా తెల్లారలేదామ్మా?" అంది ఉరుకుందమ్మ. "లేదు బిడ్డా" అంది మారెక్క. రెండోనాడు "ఇంకా తెల్లారలేదా?" అంది. "లేదు బిడ్డా." మూడోనాడు పిల్ల అడగలేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది. ఏ గంజి కోసం అబద్ధం చెప్పిందో ఆ గంజి గిన్నెలో అట్లాగే ఉంది, పైన మీగడ కట్టింది. మారెక్క ఆ గిన్నె తీసుకుని బండ వైపు పరిగెత్తింది. అవ్వ కాళ్ళ మీద పడాలి, ఈ గంజి అవ్వకే తాగించాలి, ఎత్తుకునైనా తీసుకురావాలి. ఒక్క చుట్టు తిప్పితే చాలు.

సుంకమ్మ గుడిసెలో తన రాయి ముందే ఉంది. పిడి పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉంది. అరచెయ్యి పగిలి నెత్తురు ఎండింది. రాయి చుట్టూ గింజ పొట్టు లేదు, పిండి లేదు, రెండు రాళ్ళూ ఒకదాన్నొకటి అరగదీసుకున్న తెల్లటి రాతిపొడి మాత్రం ఉంది. అది కనురెప్పల మీద కూడా పడి ఉంది. మూడు రోజులూ తిప్పింది మనిషి. ఊళ్ళోకి రావద్దన్నారు కాబట్టి ఇక్కడినుంచే తిప్పింది, చప్పుడు ఊరిదాకా పోతుందేమోనని. పోలేదు. బండ అడ్డం.

మారెక్క ఆమె కళ్ళు మూసింది. "నేనే పిలిచినానవ్వా" అంది. ఎవరు విన్నారు? గిన్నె అక్కడే పెట్టి ఇంటికి పరిగెత్తింది. రాయి ముందు కూర్చుంది. గంజి పోతే పోయింది, రాయి తింటే తన్నే తిననీ. పిడి పట్టుకుని తిప్పింది. గొంతు రాలేదు. మళ్ళీ తిప్పింది. వచ్చింది.

"తిరుగు తిరుగు రాయీ, నవ్వి తిరుగు రాయీ,
ఉరుకుందమ్మ చీమిడి కారి ఊరి వంక పారె రాయీ!"

పిల్ల లేవలేదు. మారెక్క తిప్పుతూనే, పాడుతూనే చూసింది. పిల్ల ముక్కు తడుముకోలేదు. పోయి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఎప్పుడు పోయిందో, తను బండ దగ్గర ఉన్నప్పుడో, ఇక్కడ గొంతు రాక వెతుక్కుంటున్నప్పుడో, ఆ తల్లికి చచ్చేదాకా తెలియలేదు.

తిరిగొచ్చి మళ్ళీ పిడి పట్టుకుంది. ఎందుకు తిప్పుతోందో ఆమెకే తెలియదు. చేతులకు ఇంకేం పని ఉంది? గరగరమని రాయి తిరుగుతోంది. గడపలో ఏదో కదిలింది. పక్కింటి పిల్ల, నాలుగేళ్ళది, గోడ పట్టుకుని నిలబడి ఉంది. మూడు రోజులుగా మంచం దిగని పిల్ల.

"మారెక్కా, తెల్లారిందా?"

మారెక్క ఆ పిల్లను చూసింది. లోపల పడుకున్న తన పిల్లను చూసింది. నోరు తెరిచి ఆ మాట అనడానికి ఎంత బరువు ఎత్తిందో ఆ దేవుడికే తెలియాలి.

"తెల్లారింది తల్లీ. మీ అమ్మను లేపు పో."

తర్వాత వాన వచ్చిందా అని అడుగుతారు. వచ్చింది, వానలెప్పుడో ఒకప్పుడు వస్తాయి. కానీ ఊళ్ళో సగం మంది పోయాకే వచ్చింది. పెద్దకాపు మారెక్క ఇంటికి గంజి ఆపాడు. అయినా తెల్లారకముందే ఆమె తిప్పింది. రెండోనాడు పక్కింటామె తిప్పింది. మూడోనాడు ఊరంతా తిప్పింది. ఊరంతటికీ ఆపితే గంజి ఎవరికి పోస్తాడు, పోయించాడు.

ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఒక ఆచారం ఉంది. ఏ ఇంట్లోనైనా మనిషి పోతే, మర్నాడు తెల్లారకముందే పక్కింటి ఆడమనిషి చెప్పకుండా వస్తుంది. ఆ ఇంటి రాయి ముందు కూర్చుని ఒట్టి రాయి మూడు చుట్లు తిప్పుతుంది. సుంకమ్మ చుట్లు అంటారు వాటిని. తిప్పుతూ ఆ పోయిన మనిషి మీద ఒక మాట పాడాలి. పొగడకూడదు, పుణ్యాత్ముడని అనకూడదు. గురక పెట్టేవాడనో, పులుసులో ఉప్పు మరిచేదనో, చెప్పులు తారుమారు చేసుకుని పెళ్ళికి పోయాడనో, అట్లాంటిదే పాడాలి. ఇంటివాళ్ళు కొందరు తిడతారు. కొందరు ఏడుస్తారు. ఏడుస్తూ ఏడుస్తూ ఒక్కరైనా ఫక్కున నవ్వేస్తారు. నవ్వి, తప్పు చేసినట్టు చుట్టూ చూస్తారు.

వచ్చినామె అవేవీ పట్టించుకోదు. మూడు చుట్లూ తిప్పి, "తెల్లారింది, లెయ్యండి" అని చెప్పి, వాళ్ళ పొయ్యి ముట్టించి, ఎసరు పెట్టి వెళ్ళిపోతుంది.