పల్లకీ మోసినవాడి అన్నం

వీరకేతుడనే రాజుకు ఒళ్లు పెరిగి సింహాసనం ఇరుకైపోయింది. దానికంతటికీ అన్నమే కారణమన్నాడు ఆస్థాన వైద్యుడు భావనభట్టు. మర్నాడే, రాజ్యంలో ఎవరూ అన్నం వండకూడదని చాటింపు వేశారు. రాజుగారికైతే మాంసం, మీగడ ఉన్నాయి. ఆయన పల్లకీ మోసే పోలయ్యకు అన్నం తప్ప మరేముంది?

నాలుగు రోజులు పోలయ్య ఆకుకూరలతో నెట్టుకొచ్చాడు. ఐదో రోజు పల్లకీ కింద కళ్లు తిరిగాయి. ఆరో రోజు చాటుగా చద్దన్నం తింటూ భటులకు చిక్కాడు.

"వీణ్ణి దేశం నుంచి వెళ్లగొట్టండి," అన్నాడు రాజు.

పోలయ్య చేతులు కట్టుకుని, "చిత్తం ప్రభూ. నలభై ఏళ్లుగా మూడు పూటలా అన్నమే తిన్నాను. ఆ కొవ్వు నా ఒంట్లో ఎక్కడుందో వైద్యులవారు చూపిస్తే వెళ్లిపోతాను," అన్నాడు.

భావనభట్టు అతని డొక్కలు తడిమి విసుక్కున్నాడు. "నీకెలా ఉంటుందిరా? రోజంతా పల్లకీ మోస్తే తిన్నదంతా కరిగిపోదూ?"

"అయితే తప్పు అన్నానిది కాదన్నమాట బాబయ్యా. పల్లకీ కింద ఉన్నవాడికి కరిగింది, పైన ఉన్నవాడికి కరగలేదు."

పోలయ్య తల తెగినట్టేనని సభలో అందరూ అనుకున్నారు. కానీ రాజు సింహాసనం దిగి, "ఇవాళ తోట దాకా నేను నడుస్తాను. ఖాళీ పల్లకీని పోలయ్యతో పాటు వైద్యులవారు మోసుకొస్తారు," అన్నాడు.

సగం దారిలోనే భావనభట్టు పల్లకీ దించేసి, రొప్పుతూ అడిగాడు: "పోలయ్యా, ఎవరింట్లోనైనా ఇంత అన్నం దొరుకుతుందా?"

ముందు నడుస్తున్న రాజు ఆ మాట విన్నాడు. నిషేధమూ, శిక్షా రెండూ ఆ సాయంత్రమే రద్దయ్యాయి.