కొర్లమ్మ తిప్పిన స్విచ్చి

ఎల్లాజీకి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా జవాబు చెప్పడు, చేతికి పని చెబుతాడు. పోర్టుబ్లెయిరులో తెరచాపల బోట్లు నడిపేవాళ్ళలో సగం మంది ఆయన దగ్గరే పని నేర్చారు కాబట్టి జెట్టీలో అందరూ ఆయన్ని గురువుగారనే పిలుస్తారు. "గురువుగారూ, ఫలానా మనిషిని నమ్మొచ్చా?" అని అడిగితే, "ఆ తాడు ముడి విప్పి మళ్ళీ కట్టు" అంటాడు. కట్టేలోపల సంగతి బుర్రకెక్కితే ఎక్కినట్టు. లేదంటే ఇంకో తాడు చూపిస్తాడు.

కొర్లమ్మ ఆయన నడిపే బోటు మీదికి వచ్చింది వంట చేయడానికి. బోటు పేరు నీలవేణి. టూరిస్టులు రెండు మూడు రోజులకి అద్దెకి తీసుకుని దీవుల చుట్టూ తిరుగుతుంటారు. వాళ్ళకి చేపల పులుసు వండిపెట్టడానికి వచ్చిన మనిషి, చూస్తూ చూస్తూ లంగరు దించడం నేర్చింది, తెరచాప ఎత్తడం నేర్చింది, ఇంజను పక్కన దూరి ఆయిలు మార్చడం కూడా నేర్చింది. ఇప్పుడు ఎల్లాజీ కళ్ళలో శుక్లాలొచ్చాయి. వచ్చే సీజనుకి బోటు ఎవరి చేతికివ్వాలో నువ్వే చెప్పు అని ఓనరు ఆయనకే వదిలేశాడు. ఎల్లాజీ ఇంకా ఎవరి పేరూ చెప్పలేదు. ఆ సంగతి కొర్లమ్మకి తెలుసు. తెలియనట్టు తిరుగుతోంది.

ఒకనాడు బోటు ఖాళీగా ఉన్నప్పుడు ఆమె బ్యాటరీ కొనలకి గ్రీజు రాస్తూ అడిగింది.

"గురువుగారూ, ఎవురేనా ఏటేనా అడిగితే లేదని ఎలాగ సెప్పాలి?"

"ఎవురడిగేరు?"

"అందరూ. మా ఆయన పోయేక మరిది వల అడిగేడు, ఇచ్చేను. తోటికోడలు కుట్టుమిషను అడిగింది, ఇచ్చేను. ఇప్పుడు ఆడపడుచు కొడుకు ముందుగది అడుగుతున్నాడు. అది కూడా ఇచ్చేస్తే నాను వంటింట్లో పొయ్యి పక్కన పడుకోవాలి. లేదందామంటే నోరు రాదు. ఎదర నిలబడి అడుగుతారు కదా, లేదంటే ఆ మొకం ఎలాగైపోద్దో అనిపిస్తది."

ఎల్లాజీ ఆమె చేతుల వైపు చూశాడు. "ఆటికి రాసేవా గ్రీజు?"

"రాసేను."

"ఆ పక్కదానికి కూడా రాయ్."

అంతే. ఆ రోజుకి జవాబు అదే. కొర్లమ్మ మనసులో ముసలాయన్ని నాలుగు తిట్టుకుని పక్కదానికి కూడా రాసింది.

ఆ పక్కదాని సంగతి కొంచెం చెప్పాలి. నీలవేణిలో ఒక వరసలో మూడు పెద్ద బ్యాటరీలుంటాయి. వాటిని ఇంటి బ్యాటరీలంటారు. దీపాలు, ఫ్యాన్లు, ఫ్రిజ్జు, నీళ్ళ పంపు, ఇన్వర్టరు, అన్నీ వాటి మీదే బతుకుతాయి. వాటికి ఎడంగా చిన్నది ఒకటుంటుంది, అది ఇంజను బ్యాటరీ. ఇంజనుని ఒక్క తాపు తన్ని లేపడమే దాని పని, ఇంకో పని లేదు. చెక్కగోడ మీద అరచేతంత గుండ్రటి స్విచ్చి ఉంది. ఒకటి మీద పెడితే ఇంజను బ్యాటరీ, రెండు మీద పెడితే ఇంటి బ్యాటరీలు, మధ్యలో పెడితే అన్నీ కలిసిపోతాయి. ఇంజను నడుస్తుంటే కలపొచ్చు, అన్నీ నిండుతాయి. ఇంజను ఆగాక మాత్రం కలిపి ఉంచకూడదు. ఇది కొర్లమ్మకి మొదటి నెలలోనే నేర్పాడు.

తర్వాతి వారం విజయవాడ నుంచి ఒక కుటుంబం వచ్చింది. భరణి, ఆమె భర్త ఫణి, ఆమె తల్లి సుభాషిణిగారు. తల్లి బోటెక్కడమే చంకలో ఒక అట్టపెట్టెతో ఎక్కింది. అందులో కరెంటు కుక్కరు, మిక్సీ.

"ఏమ్మా, ప్లగ్గెక్కడ?" అంది.

"గ్యాసు పొయ్యుందండి. నేను వండుతాను కదా" అంది కొర్లమ్మ.

"నువ్వు చేపలు వండు. అన్నం నేను పెడతా. మెతుకు మెతుకు విడిపోకపోతే మా అల్లుడు కంచంలో చెయ్యి పెట్టడు."

"నేనెప్పుడన్నానండీ అలా?" అన్నాడు ఫణి వెనక నుంచి.

"నువ్వనవు బాబూ. నీ మొహం అంటుంది."

కొర్లమ్మ ప్లగ్గు చూపించింది. మొహాలు ఏమంటాయో ఆమెకి తెలియనిది కాదు.

ఆ మధ్యాహ్నం ఒక చిన్న దీవి పక్కన, మూడువైపులా నేల ఉన్న ఒంపులో లంగరు దించారు. రోజంతా మబ్బు పట్టి ఉంది. సోలారు పలకలు కునుకు తీస్తున్నట్టే ఉన్నాయి. ఇంజను నడిపి బ్యాటరీలు నింపుదామని కొర్లమ్మ అనుకునేలోపే సుభాషిణిగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఆ డీజిలు కంపుకి కడుపులో తిప్పుతోందమ్మా, ఆపేద్దూ" అంది. కొర్లమ్మ ఆపేసింది.

అక్కడి నుంచి మొదలైంది. అల్లప్పచ్చడికి మిక్సీ తిరిగింది. భరణి సముద్రంలో మునిగొచ్చి జుట్టు ఆరబెట్టుకునే మిషను పెట్టింది. ఫణికి ఐసు గట్టిగా ఉండాలి, ఫ్రిజ్జు ఇంకా పెంచమన్నాడు. మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాపు, మూడు ఫ్యాన్లు. అడిగినవాళ్ళకల్లా కొర్లమ్మ "అలాగేనండి" అంది. అడిగిన ప్రతిసారీ బ్యాటరీల మీటరులో ముల్లు కొంచెం కిందికి వాలింది. కుక్కరులో బియ్యం పడ్డాక ఇన్వర్టరు కీచుకీచుమని అరవడం మొదలెట్టింది.

"ఏంటమ్మా ఆ అరుపు? అన్నం సగంలో ఉంది, ఆగిపోతుందా ఏం?" అంది సుభాషిణిగారు గరిటె పట్టుకుని.

"ఏం లేదండి" అని కొర్లమ్మ స్విచ్చిని మధ్యలోకి తిప్పింది. అరుపు ఆగింది.

మెట్ల మీద కూర్చుని తాడు కొస అల్లుతున్న ఎల్లాజీ తలెత్తాడు. "రెండూ కలిపేసేవా?"

"అరగంటే గురువుగారూ. అన్నం సగంలో ఉంది. తిప్పేస్తాను మళ్ళీ."

"సగంలో ఉందా" అన్నాడు ఎల్లాజీ. తాడు పక్కన పెట్టి, నడుం నొప్పిగా ఉంది కాసేపు వాలుతానని కిందికి పోయాడు.

ఇన్వర్టరు మళ్ళీ ఒకటి రెండుసార్లు కీచుమన్నా, అన్నం మెతుకు మెతుకు విడిపోయింది. అందరూ మెచ్చుకుంటూ తిన్నారు. కొర్లమ్మ స్విచ్చి తిప్పడానికి లేచింది. "ఏమ్మా, కొంచెం మజ్జిగ" అన్నారు. మజ్జిగిచ్చి మళ్ళీ లేచింది. "ఆ పాటలు పెట్టే డబ్బాకి వైరెక్కడ పెట్టాలి?" అన్నారు. వైరు పెట్టి, గిన్నెలు తోమి, దుప్పట్లు తీసిచ్చి, అప్పటికి స్విచ్చి సంగతి మర్చిపోయింది.

పక్కలు వేసే వేళకి ఫ్యాన్లు నెమ్మదించి, మూలిగి, ఆగిపోయాయి. దీపాలు కూడా పోయాయి. కింద ఉక్కపోత. సుభాషిణిగారు గొణుక్కుంటూ దుప్పటి తీసుకుని పైకొచ్చింది, కూతురూ అల్లుడూ వెనకాలే వచ్చారు. కొర్లమ్మ టార్చి వేసి మీటరు చూసింది. ముల్లు అడుగున పడుకుంది. చాటుగా ఇంజను బటను నొక్కింది. టిక్కుమని కూడా అనలేదు.

ఆమె గురువుగారిని లేపలేదు. ఆయన ఎప్పుడు పైకొచ్చాడో, ముందువైపు తాళ్ళ కుప్ప పక్కన గుర్రుపెడుతున్నాడు. తెల్లారితే ఎండొస్తుంది, పలకలు కాస్తయినా నింపుతాయి, ఎవరికీ తెలియకుండా గడిచిపోతుంది అనుకుంది. బోటు తన పేరుకి రాదని కూడా అనుకుంది. వల, మిషను, ఇప్పుడు ఇది. ఇదైతే ఎవరూ నోరు తెరిచి అడగను కూడా లేదు, తనే ఇచ్చేసింది.

తెల్లవారేసరికి ఎండ రాలేదు. గాలి తిరిగింది. ఒంపు వాకిట్లోంచి తిన్నగా లోపలికి కొడుతోంది. లంగరు చుట్టూ బోటు తిరిగి, దాని వెనకభాగం పగడాల దిబ్బ మీదికి వచ్చింది. నీళ్ళలోంచి ఆ పగడాలు గోధుమరంగులో పళ్ళలాగా కనిపిస్తున్నాయి. లంగరు జారితే బోటు అడుగు చీరుకుపోతుంది. ఆ ఇరుకులో ఎదురుగాలికి తెరచాపతో బయటపడడం కాని పని. ఇంజను ఉండాలి, లేదంటే లేదు.

కొర్లమ్మ తిన్నగా ఎల్లాజీ దగ్గరికి వెళ్ళింది.

"గురువుగారూ, అన్నీ అయిపోయాయి. ఇంజనుది కూడా. స్విచ్చి కలిపి ఒగ్గేసేను, మళ్ళీ తిప్పలేదు. నాదే తప్పు. ఓనరుకి నా పేరే సెప్పండి, ఏటన్నా పడతాను. ముందు బోటు ఎలాగ తియ్యాలో సెప్పండి."

ఎల్లాజీ చెంప గాలికి తిప్పి చూసుకున్నాడు. మొలలోంచి పానా తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇంజను బ్యాటరీ పెట్టె మూత తీసి సూడు."

ఇదేం వేళ, ఇప్పుడు కూడా పని చెబుతాడేంటి అని లోపల ఉడికిపోతూ కొర్లమ్మ కిందికి దిగి మూత తీసింది.

బ్యాటరీకి వైరు లేదు. నట్టు విప్పి ఉంది. ఊడదీసిన వైరు కొసకి పాత లుంగీ గుడ్డ చుట్టి, దేనికీ తగలకుండా పక్కకి వంచి పెట్టి ఉంది. రాత్రి స్విచ్చి మధ్యలో ఉన్నా, అది కలిపింది ఇంటి బ్యాటరీలని గాలితో. ఈ చిన్నదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పోయిన వారం ఆమె రాసిన గ్రీజు దాని కొన మీద అలాగే ఉంది.

కొర్లమ్మ ఒక్క క్షణం అక్కడే గొంతుక్కూర్చుంది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి గొంతులోంచి వచ్చింది. గుడ్డ విప్పి వైరుని కొన దగ్గరికి తెచ్చింది. తెచ్చి, తగిలించబోయి ఆగింది. స్విచ్చి ఇంకా మధ్యలోనే ఉంది. ఇప్పుడు తగిలిస్తే ఖాళీ అయిన ఆ మూడూ దీని మీద పడి తాగేస్తాయి.

వైరు వదిలి లేచి వెళ్ళింది. స్విచ్చిని ఒకటి మీదికి తిప్పింది. టక్కుమంది.

పైన ఎల్లాజీ ఆ టక్కు విన్నాడు. అప్పుడు వెళ్ళి చుక్కాని పట్టుకున్నాడు.

ఆమె నట్టు బిగించి, పైకొచ్చి బటను నొక్కింది. ఇంజను ఒక్కసారి దగ్గి అందుకుంది. కొర్లమ్మ, ఫణి ఇద్దరూ లంగరు గొలుసు చేత్తోనే లాగారు. "జిమ్ముకి పోతాడమ్మా మా అల్లుడు, డబ్బులు కట్టి మరీ. ఇవాళ ఊరికే అయింది" అంది సుభాషిణిగారు దుప్పటిలోంచి. బోటు పగడాలకి వీపు చూపించి, వాకిలి దాటి, లోతునీళ్ళలో పడింది.

పడగానే సుభాషిణిగారు లేచి జుట్టు ముడేసుకుంది. "ఇంజను నడుస్తోంది కదమ్మా, చట్నీకి మిక్సీ పెట్టుకోనా?"

"లేదండి" అంది కొర్లమ్మ. "మధ్యాహ్నం దాకా కరెంటు దేనికీ ఇవ్వను. ముందు బ్యాటరీలు నిండాలి."

అనేసి, ఆ మొహం ఎలా అయిపోతుందోనని చూసింది. ఆ మొహానికి ఏమీ కాలేదు. ఆవలించింది అంతే.

"పోన్లే. గ్యాసు మీద ఉప్మా కలుపు అయితే. ఇదిగో, ఇవాళ కూడా పక్కలు పైనే వెయ్యి. ఆ ఫ్యాన్ల కింద నాకెప్పుడూ నిద్ర పట్టదు, రాత్రి చచ్చినట్టు పడుకున్నాను."

కొర్లమ్మ ఉప్మా కలిపి, టీ పెట్టి, ఒక గ్లాసు ఎల్లాజీకి తీసుకెళ్ళింది. ఆయన చుక్కాని వదిలి పక్కకి జరిగాడు. ఆమె పట్టుకుంది.

కొంతదూరం పోయాక ఆమె అడిగింది. "ఆ వైరు ఎప్పుడు ఊడదీసేరు?"

"అన్నం సగంలో ఉందన్నావు కదా. అప్పుడు."

"మరి నాతో ఒక్క ముక్క సెప్పకూడదా? రాత్రంతా నా పేణం నా దగ్గర లేదు."

ఎల్లాజీ టీ ఊదుకున్నాడు.

"రాత్రి నాను అందరికీ లేదన్నాను కదే" అన్నాడు. "ఎవురికేనా ఇనపడిందా?"