బంతికి మిగిలిన పండితుడు

మందారగిరి రాజు రణభూపతికి యాభయ్యో ఏట భాగహారం నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. కత్తి తిప్పడం వచ్చు, మీసం తిప్పడం వచ్చు, ఇక రావలసింది అదొక్కటే. ఆస్థాన గణకుడు సోమయాజి మూడు రోజులు శ్లోకాలు దంచి, నాలుగో రోజు నిండు కొలువులో పాఠం అప్పజెప్పించుకున్నాడు.

"యాభై మూడును పదితో భాగిస్తే, ప్రభూ?"

"ఐదు!"

"ఆహా! సాక్షాత్తూ సరస్వతే పలికింది!"

"మరి ఆ మిగిలిన మూడు?" రాజుగారు అనుమానపడ్డారు.

"శేషం ప్రభూ. చెత్త. ఊడ్చి అవతల పారేయడమే."

రాజుగారికి ఈ సూత్రం తెగ నచ్చింది. ఆ సాయంత్రమే చెరువు తవ్విన యాభై ముగ్గురు కూలీలకు కోటలో విందు. బంతికి పదిమంది. "ఐదు బంతులకే వండండి, చాలు!" అని అక్కడికక్కడే ఆజ్ఞాపించేశారు.

వడ్డన పెత్తనం చూసే చెన్నసానికి ఒళ్లు మండింది. నెలల తరబడి మట్టి మోసినవాళ్లలో ఏ ముగ్గుర్ని, ఏ ముఖం పెట్టుకుని గుమ్మంలోంచి తిప్పి పంపాలి?

"ప్రభూ, ఆ ముగ్గురికీ కడుపులుంటాయి," అంది.

"గరిటె పట్టే చేతికి గణితమెందుకమ్మా?" సోమయాజి నవ్వాడు. కొలువంతా నవ్వింది. పండితుడు నవ్వినప్పుడు నవ్వకపోతే అక్కడ అజ్ఞానం కింద జమ.

"ఇంతకన్నా బాగా చెప్పగలవా?" అన్నారు రాజుగారు. "మధ్యాహ్న భోజనం ముగిసేలోగా నాకు శేషమంటే ఏమిటో నేర్పు. లేదా గరిటె అప్పగించి వెళ్లిపో."

"చిత్తం," అంది చెన్నసాని.

ఆ మధ్యాహ్నం భోజనానికి రాజుగారితో కలిపి కొలువువారు నలభై ఒక్కరు. సోమయాజి అలవాటు ప్రకారం అందరూ కూర్చున్నాకే వచ్చాడు. తను రావడం అందరూ చూడాలి కదా! ఉత్తరీయం సర్దుకుంటూ చూస్తే నాలుగు బంతులూ నిండి ఉన్నాయి. గుత్తివంకాయ వాసన ఉంది. తనకు విస్తరి లేదు.

"నా విస్తరేదీ?"

"నలభై ఒకటిని పదితో భాగిస్తే ఎంత, స్వామీ?"

"నాలుగు. ఆమాత్రం తెలీదూ?"

"నాలుగు బంతులూ వేశానుగా! బాబూ, మీకు పప్పు అందిందా?" అంటూ చెన్నసాని ముందుకు సాగిపోయింది.

"మరి నేనో?" పండితుడి గొంతు కీచుమంది.

చెన్నసాని మూలనున్న చీపురు అందుకుంది.

"కదలకండి స్వామీ. ఊడ్చి అవతల పారేయడమేగా!"

రాజుగారికి పొలమారింది. నెత్తి మీద తట్టుకుంటూ, "ఓసినీ! శేషమంటే బంతిలో చోటు చాలక నిలబడ్డ మనిషన్నమాట!" అన్నారు.

"అంతే ప్రభూ. నిండినా నిండకపోయినా వాళ్లకీ ఓ బంతి వేయాల్సిందే."

"పదిమంది నిలబడితే?"

"అది శేషమెందుకవుతుంది? నిండు బంతే!"

"అయితే తొమ్మిదికి మించి మిగలరు!" రాజుగారు తొడ చరిచారు. "సోమయాజీ, ఇప్పుడు చెప్పు. సాయంత్రం యాభై ముగ్గురికి ఎన్ని బంతులు?"

పండితుడు గుత్తివంకాయ వైపు దీనంగా చూశాడు.

"ఆరు ప్రభూ, ఆరు! ఆరోదాంట్లో ముగ్గురు!"

భోజనశాల పగలబడి నవ్వింది. రాజుగారు ఎడమచేతి కడియం ఊడదీసి చెన్నసానికి బహూకరించి, మర్నాటి నుంచి తన పాఠం వంటశాలలోనే అన్నారు.

చెన్నసాని ఐదో బంతి వేసింది. ఒక్క విస్తరితో.