ఎడమ చెయ్యి

సూరిబాబు నటించిన రాక్ కచేరీ కామెడీ సినిమా విడుదలై వారమైంది. ఏ హాల్లో చూసినా నవ్వులే. అందులో అతను గాయకుడు. గిటారు వైరు కాళ్ళకు చుట్టుకుంటుంది, డ్రమ్ములు దొర్లిపోతాయి, పొగ మిషను అతని మొహం మీదికే పొగ ఊదుతుంది. కానీ జనం పొట్ట పట్టుకుని నవ్వేది ఒక్కచోట. పాట మధ్యలో అతని ఎడమ చెయ్యి గజగజ వణుకుతుంది. దాన్ని ఆపబోయి మైకు స్టాండుతో సహా స్టేజీ మీంచి పడిపోతాడు.

దెబ్బ తగలకుండా పడడం అతనికి నేర్పిన ఖాసిం మాస్టారు మాత్రం అక్కడ నవ్వలేదు.

"ఏం తక్కువైంది మాస్టారూ?" అని అడిగాడు సూరిబాబు. "ఆ చెయ్యి డైరెక్టరు చెప్పింది కాదు, నా సొంతం. ఫోన్లో పాత కచేరీ వీడియో చూశాను. ఎవడో తాగి పాడుతూ అలాగే పడ్డాడు. అద్దం ముందు ఎంత సాధన చేశానో మీకు తెలీదు."

మాస్టారు మర్నాడు మ్యాట్నీకి రమ్మన్నారు.

హాల్లో ఇద్దరి మధ్యా ఒక బక్కపలచని పెద్దాయన కూర్చున్నాడు. "ఎడ్విన్ గారు. ఒకప్పుడు వీరు పాడే కచేరీల్లో పాటకీ పాటకీ మధ్య నేను మిమిక్రీ చేసేవాణ్ణి" అన్నారు మాస్టారు.

ఆ సీను వచ్చింది. హాలు హోరెత్తింది. పెద్దాయన నవ్వుతున్నాడేమోనని సూరిబాబు పక్కకు తిరిగాడు.

కుర్చీ చేతి మీద ఆయన ఎడమ చెయ్యి వణుకుతోంది. కుడి చేత్తో అదిమి పట్టుకున్నాడు. అయినా ఆగలేదు.

సూరిబాబు మళ్ళీ తెర వైపు చూడలేదు.

ఇంటర్వెల్లో లైట్లు వెలిగాయి.

"బాగా చేశావు బాబూ" అన్నాడు ఎడ్విన్. "సరిగ్గా ఇలాగే ఉంటుంది. పాడుతుండగా నాకీ వణుకు మొదటిసారి వచ్చినప్పుడూ జనం నవ్వారు. స్టెప్పు అనుకున్నారు. తర్వాత స్టేజీ మీంచి పడితే తాగుబోతు అన్నారు. ఇక పిలవడం మానేశారు."

ఆ గొంతులో కోపం లేదు.

ఈలోగా వెనక వరసలో కుర్రాళ్ళు అతన్ని గుర్తుపట్టారు. చుట్టూ మూగి ఫోన్లు పైకెత్తారు.

"అన్నా, ఒక్కసారి ఆ చెయ్యి చూపించన్నా."

ఎడ్విన్ వాళ్ళకు అడ్డం లేకుండా కాస్త ఒదిగి కూర్చున్నాడు. "చెయ్యి బాబూ, అడుగుతున్నారుగా."

"రావడం లేదు తమ్ముడూ" అన్నాడు సూరిబాబు.

అదీ కామెడీయే అనుకుని వాళ్ళు ఘొల్లున నవ్వారు.

లైట్లు ఆరిపోయాయి. మిగతా సినిమా అంతా సూరిబాబు తల వంచుకునే కూర్చున్నాడు. ఎడ్విన్ని ఆటో ఎక్కించి పంపాక అడిగాడు.

"ముందే ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా మాస్టారూ."

"చెబితే వినేవాడివి, చూసేవాడివి కాదు" అన్నారు ఖాసిం మాస్టారు.