దాలమ్మ వంతు

ఎప్పుడు జరిగిందని మాత్రం అడగకండి. ఏనుగులు ఊరి పొలిమేరకొచ్చి నీళ్ళు తాగి పోయే రోజులని మా ముసలాళ్ళు చెప్పారు. వాళ్ళూ చూసి చెప్పినవాళ్ళు కారు లెండి. కొండ కింద, ఏటి పక్కన ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో వడ్లు దంచుకుని బతికే దాలమ్మ ఉండేది. మొగుడు పెళ్ళయిన కొత్తలోనే పోయాడు. పిల్లా జెల్లా లేరు. ఒకరికి దంచితే నూకలిచ్చేవారు, ఇంకొకరికి దంచితే తవుడిచ్చేవారు, మరొకరికి దంచితే ఒక మంచి మాట చెప్పి పంపేసేవారు. అదీ ఆమె సంపాదన.

దాలమ్మ పాక వెనక ఒక మట్టిగోడ. గోడకవతల గరిడీ. గరిడీ అంటే ఊరి కుర్రాళ్ళు సాము చేసే చోటు. పొద్దు వాలేసరికి పొలాల నుంచి వచ్చినవాళ్ళంతా అక్కడ చేరేవారు. దండీలు తీసేవారు, బస్కీలు తీసేవారు, సంగిడి రాళ్ళెత్తేవారు. ఒకడు రాయెత్తితే చుట్టూ ఉన్నవాళ్ళంతా "హైసా!" అని కేక పెట్టాలి. అది వాళ్ళ కట్టుబాటు. కేక లేకపోతే రాయి లేవదని గురువు అసిరినాయుడు అనేవాడు.

గోడకవతల "హైసా!" అన్నారంటే గోడకివతల దాలమ్మ రోకటిపోటు పడేది. ఎవరూ అనుకుని చేసింది కాదు. ఒంటరి మనిషికి అదే పలకరింపు. దంచడానికి గింజలు లేని రోజున కూడా దాలమ్మ ఆ కేక కోసం ఉత్త రోట్లో పోట్లు వేసేది. "ఉత్త రోలు దంచకూడదే, అరిష్టం!" అని పక్కింటి పోలమ్మ తిట్టేది. దాలమ్మ నవ్వేసి ఊరుకునేది.

అలా ఉండగా ఒక ఏడు దాలమ్మకు జబ్బు చేసింది. ముందు దగ్గొచ్చింది. దగ్గు వెనక జ్వరమొచ్చింది. జ్వరం వెనక దగ్గులో నెత్తురు పడింది. వైద్యం చేసే ఆచారి వచ్చి నాడి చూశాడు, కళ్ళు చూశాడు, నాలుక చూశాడు. బయటికొచ్చి, "పంట ఇంటికి చేరేదాకా ఉండదు" అని పోలమ్మతో అన్నాడు. తడిక తలుపు ఏం ఆపుతుంది? దాలమ్మ విన్నది.

రోకలి మూలకు చేరింది. గరిడీలో మొదటి రోజు ఎవరూ గమనించలేదు. రెండో రోజు ఏదో తక్కువైందనిపించింది. మూడో రోజు అసిరినాయుడు చెయ్యెత్తి సాము ఆపాడు.

"ఏట్రా, రోకలి సప్పుడు లేదు?"

"దాలమ్మప్పకి బాగోలేదు గురువుగారూ. నెత్తురు పడతన్నాదట."

అసిరినాయుడు మంచివాడు. మంచివాళ్ళు చేసే తప్పే చేశాడు. "అయితే మనం నోర్మూసుకోవాల. ఆయమ్మని తొంగోనివ్వండి" అన్నాడు.

ఆనాటి నుంచి గరిడీలో కేక లేదు. కేక లేక రాళ్ళు సగందాకా లేచి కింద పడేవి. అయినా ఒక్కడూ నోరు తెరవలేదు. పళ్ళు బిగబట్టి చేశారు, పాపం.

ఇవతల దాలమ్మ గోడకు చెవి పెట్టి పడుకుంది. పొద్దు వాలింది. కేక రాలేదు. పక్షులు గూళ్ళకు చేరాయి. కేక రాలేదు. ఊరంతా దీపాలు పెట్టారు. కేక రాలేదు. దగ్గుకు భయపడని మనిషి, నెత్తురుకు భయపడని మనిషి, ఆ గోడ మౌనానికి భయపడింది. 'నేనింకా పోకముందే పోయినట్టు చూస్తున్నారా?' అనుకుని ఏడ్చింది. ఆ కేక వింటే చాలని ప్రాణం కొట్టుకులాడింది. ఏడుపుతో ఊపిరి ఇంకా అందకుండా పోయింది.

మర్నాడు ఆచారి మందు తెచ్చాడు.

"బాబూ, గరిడీ వోల్ని కేకలెయ్యమని సెప్పండి" అంది దాలమ్మ.

ఆచారి అలాగే అలాగే అని తలూపాడు. జ్వరం తలకెక్కిందనుకుని మందు రెట్టింపు చేసి పోయాడు.

తర్వాత పోలమ్మ గంజి తెచ్చింది.

"పోలీ, గరిడీ వోల్ని కేకలెయ్యమని సెప్పే."

"బాగుంది నీ కోరిక! నీకోసవే గదా ఆళ్ళు నోరు మూసుకున్నారు. గంజి తాగి తొంగో."

మూడోసారి అడగడానికి మనిషి లేడు. దాలమ్మ తనకు తనే చెప్పుకుంది. "లెగు, దాలీ."

లేచింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసింది, కూలబడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ కూలబడింది. గోడ చుట్టూ తిరిగి గరిడీ గుమ్మం చేరేసరికి పొద్దు కుంకింది. ఆడవాళ్ళు గరిడీలో కాలు పెట్టకూడదు. గుమ్మం బయట నేల మీదే కూర్చుంది. అసిరినాయుడు పరుగున వచ్చాడు.

"అయ్యయ్యో, ఇదేటమ్మా, లెగొచ్చీసినావు?"

"నానేటి పాపం సేసినాను నాయుడుబాబూ? నా మీద కోపవా?"

"కోపవేటి తల్లీ! నువ్వు తొంగుంటావని..."

"తొంగోడానికి ముందర బోల్డు కాలవుంది. కేకెయ్యండి బాబూ. మీ కేకినబడితే నాను ఊపిరి పీలుస్తాను. లేపోతే ఎప్పుడు పీల్చాలో, ఎప్పుడొదలాలో తెలీటం లేదు."

అసిరినాయుడు కళ్ళు తుడుచుకున్నాడు. తప్పు చేశానని అందరి ముందూ అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని గురువైపోయాడు. "కానీ అమ్మా, మేం ఉత్తినే కేకెయ్యం. నువ్వూ ఏదోటి ఎత్తాల. మా కట్టుబాటు" అన్నాడు.

మర్నాటి నుంచి గరిడీ గోడ దాటింది. కుర్రాళ్ళు సంగిడి రాళ్ళు దొర్లించుకొచ్చి దాలమ్మ వాకిట్లో సాము మొదలుపెట్టారు. వాళ్ళు రాయెత్తితే దాలమ్మ మంచం మీంచి చెయ్యెత్తేది. "హైసా!" ఊపిరి లోపలికి పోయేది. కొన్నాళ్ళకు చెంబెత్తింది. "హైసా!" ఇంకొన్నాళ్ళకు లేచి నిలబడి రోకలెత్తింది. ఆ రోజు పెట్టిన కేకకు కొండ మీది మేకలు బెదిరాయట.

పంట ఇంటికి చేరింది. దాలమ్మ ఉంది. ఆచారి వచ్చి నాడి చూశాడు, కళ్ళు చూశాడు, నాలుక చూశాడు. "చూశారా, నా మందు!" అన్నాడు. ఎవరూ కాదనలేదు.

జబ్బు పోయిందని చెప్తే మీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. పోలేదు. మళ్ళీ వానలు పట్టాక దాలమ్మ చేతిలోంచి రోకలి జారింది. తర్వాత చెంబు జారింది. అయినా రోజూ సాయంత్రం కోసం పొద్దున్నుంచే ఎదురుచూసేది. "ఇంకా రాలేదేటే?" అని పోలమ్మను అడుగుతూ ఉండేది.

ఒక సాయంత్రం అందరూ "హైసా!" అన్నారు. దాలమ్మ చెయ్యి లేవలేదు. సాము ఆగిపోయింది.

"ఆపకండి బాబూ" అంది. గొంతు కూడా సరిగా రాలేదు. "నా వంతు మీరెత్తీయండి."

ఆ పూట ఎత్తాల్సిన లెక్క అప్పటికే అందరికీ పూర్తయింది. ఎవరి చేతులు చూసినా వణుకుతున్నాయి. అప్పుడు అసిరినాయుడు ముందుకొచ్చాడు. ముసలివాడు, రాయి ముట్టి ఎన్నో ఏళ్ళయింది. వంగి రాయి పట్టాడు. "దాలమ్మ వంతు!" అన్నాడు. మోకాళ్ళ దాకా తెచ్చాడు, నడుం దాకా తెచ్చాడు, రొమ్ము దాకా తెచ్చాడు. వాకిలంతా ఒక్క గొంతుతో "హైసా!" అంది.

దాలమ్మ ఆ కేకతో నిండుగా ఊపిరి పీల్చింది. అది వదిలాక మళ్ళీ పీల్చలేదు.

ఇప్పటికీ ఆ వైపు గరిడీల్లో లెక్క పూర్తయి చేతులు వణికేటప్పుడు ఎవరో ఒకరు "దాలమ్మ వంతు!" అంటారు. అంటే ఇంకొక్కసారి ఎత్తాల్సిందే. ఆ ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళ ఇంటి ముందు ఎవరూ గొంతు తగ్గించరు, ఇంకాస్త గట్టిగానే పలకరిస్తారు. మంచం పట్టినవాళ్ళను చూడబోయినవాళ్ళు తమ చెయ్యి ఒకసారి పైకెత్తి, "ఇయ్యాల నీ వంతు నాది" అని చెప్పి వస్తారు.

కథ ఇంతే. ఇక లేవండి. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతే ఏమనాలో మీకు తెలుసు.