మరొకరి చెయ్యి పడని గడియ

ఒకానొక రాజ్యానికి దక్షిణపు అంచున గట్టుపురం అనే ఊరుండేది. ఊరు దాటితే పరరాజుల నేల. అందుకని ఊరి చుట్టూ రాతి కోట, కోటకు ఒకే ఒక్క పెద్ద ద్వారం. ఆ తలుపుల వెనక అడ్డంగా వేసే గడియ ఏమిటనుకున్నారు, ఒక నిండు మద్దిమాను. ఎత్తాలన్నా దించాలన్నా ఎనిమిదిమంది పట్టాలి.

నాలుగేళ్ల కిందట శత్రువులు ఏనుగులతో తలుపులు పొడిపించారు. అప్పటి గడియవాళ్లు ఎనిమిదిమందీ ఆ మానుకు వీపులు ఆనించి రెండు పగళ్లు, రెండు రాత్రులు నిలబడ్డారు. రాజుగారి సైన్యం వచ్చేసరికి తలుపులు నిలిచే ఉన్నాయి. మనుషులే మిగల్లేదు.

వాళ్లలో ఒకడి పెళ్లాం ఈరమ్మ. అప్పటినుంచీ తలుపు కీళ్లకు ఆముదం పోసేదీ, కొత్త గడియవాళ్ల చేత తలుపు తీయించేదీ, వేయించేదీ ఆమే. నోట్లోంచి మాట ఊడిపడని మనిషి.

గడియ పట్టబోయేవాడు మొదటిరోజు పక్కగోడ మీద పచ్చి సున్నంలో అరచెయ్యి అద్దడం ఆ ఊరి ఆచారం. పోయిన ఎనిమిదిమంది చేతులూ ఆ గోడ మీదే ఉండేవి. ఈరమ్మ రోజూ వాటిని చూసుకుని పనిలోకి దిగేది.

రాజు మార్తాండ భూపతికి ఆ ద్వారం చరిత్ర రాతి మీద చెక్కించాలని బుద్ధి పుట్టింది. ఆస్థాన పండితుడు అనంతాచార్యులు రాశాడు. రాయి నిలపడానికి ఆ గోడే నచ్చింది. ఈరమ్మ ఆముదం గిన్నెతో వచ్చేసరికి ఎనిమిది చేతులూ గీకేసి ఉన్నాయి. కిందపడ్డ సున్నం పెళ్లలు ఏరబోయింది. ఏ పెళ్ల ఎవరి చెయ్యో తెలియలేదు.

"అయ్యగారూ, ఈ రాతి మీద మావాళ్ల పేర్లున్నాయా?" అని అడిగింది ఆచార్యులను.

"గడియలు మోసేవాళ్లకు శాసనాల్లో పేర్లేమిటే? విను." ఆయన గొంతు సవరించుకుని చదివాడు. "ఈ ద్వారపు గడియను మార్తాండ భూపతి ఒంటిచేత్తో నిలిపెను. మరొకరి చెయ్యి దీని మీద పడలేదు, పడరాదు. ఈ శాసనాన్ని అబద్ధం చేసినవారు కాశీలో గోవును చంపిన పాపాన పోవుదురు."

ఏనుగులు తలుపులు పొడిచిన ఆ రెండు రోజులూ రాజుగారు మూడు రోజుల ప్రయాణమంత దూరంలో ఉన్నారు. 

"ఇంకోసారి చదవండయ్యగారూ," అంది ఈరమ్మ. ఆయన మురిసిపోయి మళ్లీ చదివాడు. ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు, శాసనం నిలిపించడానికి ఊరికి వచ్చి ఉన్న రాజు పరివారంతో పొలిమేర పూజకు వెళ్లాడు. రాజు బయటికెళితే వెనకాలే ద్వారం మూసేయడం కట్టుబాటు. గడియ పడ్డాకే శాసనపు రాయిని గోడకు నిలిపారు. మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చి కొమ్ము ఊదించాడు. తలుపులు కదల్లేదు. పెద్ద తలుపులో మనిషి వంగి దూరే దిడ్డివాకిలి ఒకటుంది. అది మాత్రం తెరుచుకుంది. ఈరమ్మ కనబడింది.

"ఏమే, తలుపు తియ్యరేం?" అన్నాడు దళవాయి.

"తియ్యకూడదు బాబూ. ఏలినవారి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడరాదని రాతిలో రాశారు."

"నేనే చెబుతున్నాను, తియ్యండి," అన్నాడు రాజు.

"మేం పడితే శాసనం అబద్ధమైపోదా ప్రభూ? ఆ గోహత్య ఎవరి నెత్తిన? మాకా, చెయ్యమన్న తమకా? ఆచార్యులవారిని అడగండి."

ఆచార్యులకు చెమటలు పోశాయి. "దాని భావం వేరు మహాప్రభో..."

"భావాలు మాకేం తెలుసయ్యగారూ, చదువుకోనివాళ్లం. రెండుసార్లు విన్నాను, రెండుసార్లూ అదే చదివారు."

ఎండ మాడ్చేస్తోంది. రాజు ఏనుగు దిగాడు. కిరీటం ద్వారబంధానికి తగిలితే తీసి చంకలో పెట్టుకుని, వంగి దిడ్డివాకిట్లోంచి దూరాడు. వెనకే ఆచార్యులూ దూరాడు. లోపల ఊరంతా నిలబడి ఉంది.

ఒక చెయ్యి వేశాడు. తరవాత రెండూ వేశాడు. భుజం ఆనించాడు. మాను వెంట్రుకవాసి కదల్లేదు.

"ఆచార్యులూ, ఓ చెయ్యి వెయ్యండి."

"వెయ్యకూడదండి," అంది ఈరమ్మ.

రాజు రొప్పుతూ ఆ మానుకే వీపు ఆనించి నిలబడ్డాడు. కాసేపటికి నవ్వు మొదలైంది. పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా రాతితోనే నన్ను కట్టేశావు కదమ్మా," అని చేతి కంకణం తీసి ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి చాచలేదు.

"ఏలినవారికి నవ్వొస్తోంది. మాకు రావట్లేదు. ఆ గోడ మీది చేతులు ఎలాగూ తిరిగిరావు. పేర్లయినా చెక్కించండి."

రాజు నవ్వు ఆపి, శిల్పిని పిలిపించాడు. ఆ రాయి పీకించి కొత్త రాయి పెట్టమన్నాడు. ఎనిమిది ఇళ్లకూ మాన్యం ఇస్తున్నానన్నాడు. "పేర్లు చెప్పమ్మా."

"ఓబులేసు. పెద్ద లచ్చన్న. చిన్న లచ్చన్న. చౌడప్ప. మాబు. నాగన్న. కుంటి హనుమడు."

అక్కడ ఆగిపోయింది.

"ఏడుగురే అయ్యారు. మరిచావేమిటే?" అన్నాడు ఆచార్యులు, అంత జరిగాక కూడా.

ఆడవాళ్లెవరూ నవ్వలేదు. మొగుడి పేరు పెళ్లాం నోట పలకరాదని ఆ ఊళ్లో కట్టు. పదహారేళ్ల కాపురంలో 'ఏమయ్యో' అని పిలవడమే తప్ప ఈరమ్మ ఆ పేరు అనలేదు. ఓ ముసలావిడ "నే చెబుతాలే తల్లీ" అని ముందుకొచ్చింది. ఈరమ్మ చేత్తో వద్దని ఆపింది.

"తిరుపాలు," అంది.

శిల్పి రాసుకున్నాడు. ఆమె ఆచార్యులవైపు తిరిగి, తలుపుల అవతల ఉన్న ఏనుగులవాళ్లకు కూడా వినబడేలా ఇంకోసారి అంది.